అమ్మ కప్పిన లేబుళ్ళు

మెదడులో కాపలా కణాలు ఉంటాయి. మామూలుగా సన్నని కొమ్మలు చాచుకుని చుట్టుపక్కల తడుముతుంటాయి. అల్జీమర్స్ లాంటి జబ్బు వస్తే కొమ్మలు ముడుచుకుని, ఒళ్ళు ఉబ్బి, కాపాడవలసిన చోటే వాపు పుట్టిస్తాయి. పీహెచ్‌డీలో మూడేళ్ళు నేను చేసిన పని ఈ ఉబ్బిన కణాలను లెక్కపెట్టడం. జబ్బున్న ఎలుకల మెదడు ముక్కలు అంటించిన గాజు స్లయిడ్లు ఒక పెట్టెలో, జబ్బు లేనివాటివి ఇంకో పెట్టెలో. జబ్బు ఎలుకల మెదడులో నేను చూసిన రెండు భాగాల్లోనూ అవి బాగా ఎక్కువని తేలింది. థీసిస్ మూడో అధ్యాయమంతా దాని మీదే నిలబడింది.

సమర్పించడానికి ఆరు నెలలున్నాయనగా, జబ్బు ఎలుక స్లయిడు ఒకటి పొరపాటున రెండో పెట్టెలో పడింది. చూసుకోకుండా లెక్కపెట్టేశాను. తర్వాత పాత లెక్కల పుస్తకం తిరగేస్తే, అదే స్లయిడుకు అప్పుడు నేనే వేసిన లెక్క ఇప్పటికంటే చాలా ఎక్కువగా ఉంది. ఉబ్బిందో లేదో తేలని కణం కనబడినప్పుడల్లా, జబ్బు స్లయిడనుకుంటే కలుపుకున్నాను, కాదనుకుంటే వదిలేశాను. మూడేళ్ళూ అలాగే చేశానన్నమాట.

గైడు గారు నిదానంగా విని, మళ్ళీ లెక్కపెడితే గడువులోపల అవుతుందా అని మాత్రం అడిగారు. అవుతుందన్నాను. నిజానికి నాకూ తెలియదు. ఏది ఏదో నాకు తెలియకుండా ఎవరైనా లేబుళ్ళు కప్పి కొత్త నంబర్లు వేయాలి. ల్యాబులో అందరికీ నా స్లయిడ్ల సంగతి తెలుసు, టీ దగ్గర ఎవరో ఒకరు నోరు జారతారు. ఆయన అనుమతితో పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని బెంగుళూరులో రైలెక్కి ఇంటికి వచ్చాను.

మాది బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ధాన్యం అంగడి. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బల దుమ్ముకు చిన్నప్పుడు నాకు ఉబ్బసం, బడికి పోలేదు. పదో తరగతి దాకా అమ్మే ఇంట్లో చదివించి, ప్రైవేటుగా పరీక్ష రాయించింది. అలాంటి గురువును ఇచ్చినందుకు ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు దేవుడికి దండం చెప్పుకుంటాను. లేబుళ్ళు కప్పే పని ఆమెకే అప్పజెప్పాను.

"ఏమ్మే, ఇంత చిన్న గాజుముక్కలో మెదడుండాదా?"

"ఉండాదమ్మా. అంచు పట్టుకో, నడుమ తాకొద్దు."

"సరే, నువ్వు బయటికి పో. నువ్వు చూస్తా ఉంటే నేనెట్ల కలిపేది?"

మధ్యాహ్నానికి ప్రతి లేబులు మీదా తెల్లకాగితం, దాని మీద అమ్మ గుండ్రని అంకెలు. ఏ అంకె ఏ స్లయిడో రాసిన జాబితా దేవుడి పటం వెనక పెట్టేసింది.

వారమంతా ల్యాబులో లెక్కపెట్టడం, ఆదివారం ఇంటికి రావడం. మూడో నెలకు భయం పట్టుకుంది. స్లయిడ్లన్నీ ఒకేలా కనబడుతున్నాయి.

"అమ్మా, పదిహేడోది ఒక్కటి చెప్పు. జబ్బుదా, కాదా?"

అమ్మ రాగిముద్ద తిప్పుతూనే, "పరీక్షలో కాపీ చీటీ అడుగుతా ఉండావా?" అంది.

"ఒక్కటే కదా!"

"ఇంత చదివినాక చీటీ అడిగేదానికి సిగ్గు లేదా మే? పోయి లెక్కపెట్టుకో."

అంగడి నుంచి వచ్చిన నాన్న చేతులెత్తేశాడు. "నన్ను చూడొద్దు తల్లీ. ఆ పటం తుడిచేదానికి కూడా పోనీలేదు నన్ను."

అయిదు నెలలు దాటాక చివరి స్లయిడు అయింది. ఆ ఆదివారం పూజ కాగానే అమ్మ జాబితా చదివింది, నేను నా లెక్కల ఎదురుగా జబ్బుదో కాదో రాసుకున్నాను. ఒక భాగంలో తేడా నిలిచింది, మునుపటంత పెద్దది కాకపోయినా. జ్ఞాపకాలకు ముఖ్యమైన రెండో భాగంలో, నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నచోట, తేడా లేనే లేదు.

"ఏమైంది మే? మొగమట్లా పెట్టినావు?"

"సగం పోయిందమ్మా."

"నేనేమన్నా తప్పుగా అంటించినానా?" అమ్మ జాబితాను మళ్ళీ మొదటి నుంచి చూసుకోసాగింది.

"లేదమ్మా. నువ్వు సరిగ్గానే అంటించినావు. మొదట నేనే తప్పుగా చూసినా."

"మిగిలింది?"

"అది నిలబడతాది."

"ఇంగేం మల్ల. లే, తిని రాసుకో."

తిన్నాను. మిగిలిన సగానికి కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టాను. గడువుకు పదకొండు రోజులు ఉన్నాయి. మూడో అధ్యాయం శీర్షికలో 'రెండు భాగాల్లో' అన్నది కొట్టేసి 'ఒక భాగంలో' అని రాశాను. రెండో భాగం ఎందుకు పోయిందో, నేను ఎలా పొరబడ్డానో ఒక పుట పెట్టాలని నిర్ణయించుకుని, ముందు ఆ పుటతోనే మొదలుపెట్టాను.