కోటగోడ మీద మాస్టారి పేరు

మా సోషల్ మాస్టారు పోయారని మా బావ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి చెప్పాడు. ఆ కబురు వినగానే ఏడుపొచ్చింది. పెద్దకర్మ నాడు కొండెక్కి చూశాక మాత్రం ఒళ్ళు మండింది. అది దాచి, ఆయన మంచితనం ఒక్కటే రాస్తే నాకు తిన్నది అరగదు.

రాజమండ్రికి కాస్త ఎగువన, మా ఊరి కొండ మీద పాత కోట ఉంది. రెడ్డిరాజులు కట్టారు, గజపతులు పట్టుకున్నారు, ఆ తరవాత అందరూ వదిలేశారు. మాస్టారు వదల్లేదు. ఆదివారం వస్తే కొబ్బరిపీచు, కిరసనాయిలు డబ్బా పట్టుకుని కొండెక్కేవారు. కార్తీక వనభోజనాలకొచ్చిన జనం ఎంగిలి విస్తళ్ళు అక్కడే పారేసి, రాజులు మందుగుండు దాచిన కొట్లో దొడ్డికి కూర్చుని, పోతూ పోతూ గోడకి పెయింటుతో పేర్లు రాసిపోయేవారు. ఆయన అదంతా ఎత్తిపోసి, కిరసనాయిలుతో పేర్లు రుద్ది, చేతులు కడుక్కుని, వచ్చినవాళ్ళకి కోట చూపించేవారు. రాజుల కథలన్నీ చెప్పి, చివర్లో దక్షిణపు బురుజెక్కించేవారు. కింద గోదావరి, లంకలు కనపడగానే, "ఇక్కడ నేను చెప్పేదేం లేదండి" అని పక్కకి తప్పుకునేవారు.

ఏడో తరగతిలో నేనూ సింహద్వారం పక్కన మేకుతో నా పేరు చెక్కాను. కొడతారనుకున్నాను. "ఈ గోడ కట్టినవాడు తన పేరెక్కడ రాసుకున్నాడో వెతికి చూపించరా" అన్నారు. సాయంత్రం దాకా వెతికాను, దొరకలేదు. చెక్కిన పేరు కిరసనాయిలుకి పోదు. ఊళ్ళోవాళ్ళని తిట్టబోయినప్పుడల్లా అది గుర్తొచ్చి నా మీద నాకే రోత పుడుతుంది.

పెద్దకర్మ భోజనాలయ్యాక కొండెక్కాను. సింహద్వారం గోడ నిండా ఎర్ర పెయింటుతో, మోకాలెత్తు అక్షరాల్లో మాస్టారి పేరు, పక్కన జోహార్లు. దాని కింద పాత విద్యార్థుల పేర్లు వరసగా. ఛీ. ఆయన అరచేతులు కాయలు కాసేలా రుద్దిన గోడ అది. బ్రష్షు పట్టుకున్న మనిషి నన్ను చూసి, ఎంతో మర్యాదగా, "మీది ఏ బ్యాచండి? మీ పేరు కూడా వేసేస్తాను" అన్నాడు.

నా పేరు ఇప్పటికే ఉందని చెప్పి, బ్రష్షు కడగడానికి అతను తెచ్చుకున్న కిరసనాయిలు అడిగి తీసుకున్నాను. రంగు ఇంకా ఆరలేదు. పీచు లేక జేబురుమాలుతోనే మొదలుపెట్టాను.

"అదేంటండి, అది మాస్టారి పేరండి" అన్నాడతను కంగారుగా.

అందుకే ముందు ఆయన పేరే తుడిచాను. పొద్దు వాలేసరికి ఆ గోడ మీద పేర్లన్నీ పోయాయి, నాది తప్ప.