పై అంచున ఊదా మచ్చ

1986లో అమలాపురం బస్టాండు వెనక సందులో నాకో రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది. అప్పటికి మా వైపు టీవీ ఉన్న ఇళ్ళే తక్కువ. ఉన్నవాటిలో చాలా మటుకు బ్లాక్ అండ్ వైట్. మద్రాసులో ఆరు వారాల కోర్సు చేసి వచ్చిన ధైర్యంతో బోర్డు మీద ‘కలర్ టీవీ’ అని రాయించుకున్నాను గానీ, కలర్ సెట్టు విప్పే అవకాశం నెలకి ఒకటి వస్తే గొప్ప. ఆదివారాలు సండే స్కూల్లో పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి. మా చర్చి సంఘంలో మైకు సెట్టు చూసుకునే పనీ నాదే.

ఆ ఏడాదే కొబ్బరి వ్యాపారం చేసే సత్తిరాజు గారు మద్రాసు నుంచి రెండు పాత వీడియో గేమ్ మెషిన్లు తెచ్చి, బస్టాండు ఎదురుగా ఒక గది తీసుకుని పెట్టారు. చూడ్డానికి ఒక్కోటీ బట్టల బీరువాలా ఉంటుంది. ఛాతీ ఎత్తులో ఆట నడిపే ఒక పుల్ల, నాలుగు మీటలు. వాటి పైన అద్దం, అద్దం వెనక మానిటర్. మానిటర్ అంటే టీవీలాంటిదే, కాకపోతే గాలిలో వచ్చే స్టేషన్ పట్టే భాగం ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులూ మూడు వేరు వేరు తీగల మీద గేమ్ బోర్డు నుంచే వస్తాయి.

వాటి రిపేరుకి నన్ను పిలిచినప్పుడు మా సంఘ పెద్దల్లో ఒకరు అలాంటి చోటికి వెళ్ళడం మంచిది కాదన్నారు. పాస్టరు గారిని అడిగాను. ఆయన ఆ బొమ్మ ఎలా కదులుతుందో నా చేత పావుగంట చెప్పించుకుని, వెళ్ళి రమ్మన్నారు.

మొదట వచ్చిన పని చిన్నదే. ఒక మెషిన్లో స్పీకరు కాగితం చిరిగి, శబ్దం బొంగురుగా వస్తోంది. అది మానిటర్‌కి పైన, ఒక చెక్కకి బిగించి ఉంది. ఆ సైజు నా దగ్గర లేదు. మా సంఘంలో కొత్త సౌండ్ బాక్సులు పెట్టినప్పుడు పాతవి పాస్టరు గారు నన్నే ఉంచుకోమన్నారు. వాటిలోంచి ఒక స్పీకరు తీసి బిగించాను. వెనక అయస్కాంతం నా పిడికిలి కన్నా పెద్దది. శబ్దం రోడ్డు అవతలికి వినపడింది. సత్తిరాజు గారు మురిసిపోయారు.

మర్నాడు మధ్యాహ్నానికే కబురు. బొమ్మలో పై అంచున ఊదా రంగు మచ్చ కమ్ముకుంది. ఆటలో నల్లగా ఉండాల్సిన ఆకాశం బాగానే ఉంది గానీ, అక్కడికి వచ్చిన తెల్ల అంతరిక్ష ఓడలన్నీ వంకాయ రంగులోకి తిరుగుతున్నాయి. వెనక తలుపు తీసి వోల్టేజీలు చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూడు రంగుల తీగలూ చూశాను. ఏమీ దొరకలేదు. సత్తిరాజు గారు పక్కనే నిలబడి ఉన్నారు. ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర నలుగురు చూస్తున్నారు. ‘తెలియలేదండీ’ అనడానికి నోరు రాలేదు. అద్దం మీద నీటి చారలు కనిపించాయి.

"దీన్ని తడిగుడ్డతో తుడుస్తున్నారా అండీ?" అని అడిగాను.

"ఆయ్. రోజూ పొద్దున్నే సువార్తమ్మ తుడుస్తుందండీ."

"అయితే లోపలికి చెమ్మ దిగి ఉంటుందండీ."

సువార్తమ్మ గారు మా సంఘస్థురాలే. భర్త పోయిన దగ్గర్నుంచి మూడు షాపులు ఊడ్చి తుడిచి ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది. నిజం చెప్పాలంటే, ఆమె పేరు వినగానే ఒక క్షణం తటపటాయించాను. కానీ మా సంఘం మనిషని వెనకేసుకొస్తున్నాడని ఆ నలుగురూ అనుకుంటారేమోనని, అన్న మాటను ఇంకాస్త గట్టిగానే అన్నాను. బయటి మనిషైతే అంత గట్టిగా అనేవాణ్ణి కాదేమో. మెషిన్ లోపల నూరు వాట్ల బల్బు వేలాడదీసి రెండు గంటలు ఆరబెట్టాను. మచ్చ కదల్లేదు. పిక్చర్ ట్యూబే పాడైపోయింది, మద్రాసు నుంచి తెప్పించాలని చెప్పి వచ్చేశాను.

ఆ సాయంత్రమే సత్తిరాజు గారు టీ బడ్డీ వాళ్ళందరి ముందూ సువార్తమ్మ గారిని ఇక రావద్దన్నారు. రెండు రోజుల్లో, ఆ మాట విని మిగతా రెండు షాపుల వాళ్ళూ మానిపించేశారు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె చెప్పులు వేసుకోకుండా నా కోసం మెట్ల దగ్గర నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు.

"బాబూ, ఒక మాట అడుగుతానండీ. నీళ్ళయితే కిందకి కదండీ దిగుతాయి? మచ్చ పైనే ఎందుకొచ్చిందండీ?"

నేను ఏదో చెప్పబోయాను. ఆమె నెమ్మదిగా అందుకుంది.

"రెండు మిషన్లూ ఒక్క గుడ్డతోనే తుడిచేనండీ. రెండోది బాగానే ఉంది కదండీ. తవరొచ్చి ఆ సౌండు బాగుచేసిన మర్నాడే ఇదొచ్చింది."

ఇంటికి వెళ్ళగానే కోర్సులో రాసుకున్న నోట్సు తీశాను. కలర్ ట్యూబు అద్దం వెనక సన్నటి బెజ్జాల ఇనప రేకు ఒకటి ఉంటుంది, దాన్ని షాడో మాస్క్ అంటారు. మూడు రంగుల కిరణాలూ ఆ బెజ్జాల గుండా వెళ్ళి తెర మీది తమ తమ రంగు చుక్కల మీదే పడాలి. దగ్గర్లో అయస్కాంతం ఉంటే కిరణాలు పక్కకి ఒరిగి వేరే రంగు చుక్క మీద పడతాయి. ఈ ముక్క నా చేతి రాతలోనే ఉంది. కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను.

సోమవారం షాపు తెరవగానే వెళ్ళి, స్పీకరు మరలు విప్పి, తీగలు ఊడదీయకుండా దాన్ని జానెడు దూరం జరిపాను. ఊదా మచ్చ నా చెయ్యి వెంట కదిలి పలచబడింది.

కాస్త మచ్చ మాత్రం మిగిలింది. అయస్కాంతం తీసేసినా ఆ రేకులో దాని గుణం కొంత నిలిచిపోతుంది. దాన్ని పోగొట్టడానికి డీగాసింగ్ కాయిల్ కావాలి. అంటే వందల చుట్లు చుట్టిన రాగి తీగ. కరెంటు ఇచ్చి తెర ముందు గుండ్రంగా తిప్పుతూ మెల్లిగా వెనక్కి తేవాలి. ఇంట్లో పెద్ద డేక్సా చుట్టూ తీగ చుట్టి, పైన టేపు వేసి నేనే తయారు చేసుకున్నాను. మంగళవారం, కరెంటు ఎక్కువ పారకుండా దాన్ని ఒక బల్బుతో కలిపి కరెంటు ఇచ్చి తెర ముందు తిప్పాను. రంగులన్నీ ఒక్కసారి సుడి తిరిగాయి. నేను వెనక్కి నడుస్తుంటే ఒక్కొక్కటీ తన చోటికి చేరుకుంది. ఓడలు తెల్లబడ్డాయి.

"సత్తిరాజు గారూ, ట్యూబు బాగానే ఉందండీ. తప్పు నాది. ఆ స్పీకరు పెట్టింది నేను. సువార్తమ్మ గారిది ఏమీ లేదు" అన్నాను.

ఆయన పెద్దమనిషి. "పోనీలెండి, మెషిన్ బాగయ్యింది కదా. ఆవిణ్ణి రేపట్నించి రమ్మంటాను. ఈ మాట మన మధ్యనే ఉండనివ్వండి. మీకూ షాపుంది కదండీ" అన్నారు. నా మంచికే అన్నారు. నాకూ అదే బాగుందనిపించింది, దాచుకోవడం ఎందుకు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళి, మళ్ళీ పనిలోకి రమ్మన్నారని చెప్పి, క్షమించమన్నాను. గుమ్మంలో చాట పట్టుకుని కూర్చుని ఉంది.

"క్షమించేనండి బాబూ. అది నాకూ దేవుడికీ సంబంధించింది. పనిలోకి మటుకు ఊరికే రానండీ. నన్ను పొమ్మన్నప్పుడు అక్కడ ఎవరెవరున్నారో, ఆళ్ళందరి ముందూ చెప్పండి. అప్పుడొస్తాను."

మర్నాడు పొద్దున్న టీ బడ్డీ దగ్గర జనం నిండేదాకా ఆగి చెప్పాను. మచ్చ ఎందుకు వచ్చిందో, ఎవరి వల్ల వచ్చిందో, నేను ఎవరి మీదకి నెట్టానో అంతా చెప్పాను. బడ్డీ యజమాని గ్లాసు కడుగుతూ, "అయితే ప్రకాశం గారూ, మా రేడియో పలక్కపోతే ముందు పక్కింటావిణ్ణి మాన్పించాలేటండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వక తప్పలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆ బజారులో నా పని మీద ఆ వేళాకోళం నడిచింది. కొందరు సెట్లు వేరే చోటికి పట్టుకెళ్ళారు కూడా.

సువార్తమ్మ గారు ఆ రోజే పనిలోకి వచ్చింది. మిగతా రెండు షాపుల్లో ఒకటి ఆమెను మళ్ళీ పిలిచింది. రెండోది అప్పటికే వేరే మనిషిని పెట్టేసుకుంది. దాన్ని నేను ఎంత బతిమాలినా సరిచెయ్యలేకపోయాను.

పది ఆజ్ఞల్లో వద్దన్న అబద్ధ సాక్ష్యమంటే కోర్టులో బోనెక్కి చెప్పేదని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. సండే స్కూలు పిల్లలకీ అలాగే చెప్పేవాణ్ణి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఈ పని చేశాను. సెట్టు ఏదైనా సరే, లోపం చేతికి దొరికేదాకా ఏ మనిషి పేరూ ఎత్తలేదు. ఎదురుగా ఉన్నాయన ఎంత తొందరపెట్టినా, నలుగురూ చూస్తున్నా, "ఇంకా తెలియలేదండీ" అనడం నేర్చుకున్నాను. కోర్సులో ఎవరూ నేర్పని మాట అది.