చూసుకునే కొన్నారు కదండీ

మా మేనత్త పోయిందని మొన్న మంగళవారం పొద్దున్నే కొత్తపేట నుంచి కబురు వచ్చింది. అమలాపురంలో బస్సెక్కి నేను వెళ్లేసరికి వాకిట్లో కొబ్బరాకుల పందిరి వేసేశారు. కుర్చీల్లో కూర్చున్న పెద్దలు ఒకటే మాట చెప్పుకుంటున్నారు. “మనిషి మంచిదేనండీ. నోరే కాస్త...” అని ఆపి, తలలు ఊపుకుంటున్నారు. ఆవిడ ఇంకా లోపల చాప మీదే ఉంది. ఆ మాట నాకు మింగుడు పడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ నోరు ఆవిడకు పుట్టుకతో వచ్చింది కాదు. డెబ్బైల మొదట్లో అత్తయ్య, మామయ్య కొత్తపేటలోనే ఒక పాత పెంకుటిల్లు కొన్నారు. మామయ్య కొబ్బరి వర్తకుడి దగ్గర గుమాస్తా. సైకిల్ మీద తోటల వెంట తిరిగి కాయ చూసి వచ్చే పని ఆయనది. ఇల్లు చూడడానికి మంచి ఎండల్లో వెళ్లారు. గోడలకు తెల్లటి సున్నం, దూలాలకు నల్లగా మెరిసే కొత్త తారు. అమ్మేవాళ్లు ఎంతో మర్యాదస్తులు. కాఫీ ఇచ్చారు, వెళ్లేటప్పుడు అరటిపళ్లు చేతిలో పెట్టారు.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం మామయ్య అన్నం తింటూ ఉండగా వంటింటి దూలం గోడలోంచి జారి ఆయన కాలి మీద పడింది. గోడలోకి దూరిన కొసను చెదలు పూర్తిగా తినేశాయి. పైన తారు మాత్రం అలాగే నిగనిగలాడుతోంది. ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. మామయ్య మళ్లీ సైకిల్ ఎక్కలేదు.

ఆ దూలం ముక్క ఒకటి కొంగున కట్టుకుని అత్తయ్య ఆ ఇల్లు అమ్మినాయన దగ్గరికి వెళ్లింది. అప్పటికి కాలేజీలో చదువుతున్న నన్ను తోడు తీసుకెళ్లింది. ఆయన ముక్కను చూశాడు, ముట్టుకోలేదు. “అయ్యో, ఎంత పని జరిగిందండీ,” అన్నాడు. మళ్లీ తనే, “అయినా, చూసుకునే కొన్నారు కదండీ,” అన్నాడు.

ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏం చూసుకుంటారు? అమ్మేవాడు ఏళ్ల తరబడి ఆ ఇంట్లో పడుకుని లేచినవాడు. ఏ పెంకు కింద గిన్నె పెట్టాలో, ఏ గోడ వానకు చెమ్మ పీలుస్తుందో, ఏ తలుపు మూయాలంటే ఎత్తి నెట్టాలో వాడికి తెలుసు. కొనేవాడికి దక్కేది ఒక పూట. ఆ పూట కూడా కాఫీతోనూ కబుర్లతోనూ గడిచిపోతుంది. తెలిసినవాడు దాచిపెట్టి, తెలియనివాడు చూసుకోలేదని తప్పుపట్టడం ఏం మర్యాద?

ఆ రోజు నుంచి, ఆ చుట్టుపక్కల ఎవరు పాత ఇల్లు కొంటున్నారని తెలిసినా అత్తయ్య తనే వెళ్లి, “నేనూ వస్తానండి, ఓసారి చూద్దాం,” అనేది. ఆ ఇళ్లలో కాఫీ ముట్టేది కాదు. “తాగేమంటే నోరు మెత్తబడిపోద్దే,” అనేది నాతో. ఇల్లంతా పాతగా ఉండి ఒక్కచోటే కొత్త సున్నం కనిపిస్తే ముందు అక్కడ చెయ్యి ఆనించేది. జడలోంచి పిన్ను తీసి దూలం కొసల్లో, గుమ్మాల అడుగున గుచ్చి చూసేది. మూసి ఉన్న గది తెరిపించి, గడపలో నిలబడి వాసన పీల్చేది. తర్వాత పక్కింటికి వెళ్లి, వానాకాలం నీళ్లు ఎంతవరకు వస్తాయని అడిగేది. “ఎండలో ఓసారి, ముసుర్లో ఓసారి చూడండి. ముసుర్లో చూపించనన్నారా, ఇంక ఆ ఇల్లు వద్దు,” అని కొనేవాళ్లకు చెప్పేది. బేరాలు కుదిర్చేవాళ్లు ఆవిణ్ణి చూస్తే మొహం తిప్పుకునేవారు.

ఎనభైల్లో అంతర్వేది వైపు నుంచి ఒకావిడ అత్తయ్యను వెతుక్కుంటూ వచ్చింది. భర్త చేపల పడవ మీద వెళ్తాడు. ఆవిడ కువైట్‌లో పనిచేసి వచ్చింది. “ఒకరిళ్లు తుడిచి తెచ్చుకున్న సొమ్మండమ్మా. ఇళ్లు చూడ్డం నాకు తెల్దండి. రాజోలు దగ్గర ఒకటుందండి, మీరు రావాలండి,” అంది. ఎవరి ఇల్లో అత్తయ్య అడిగి తెలుసుకుంది. అది తను పుట్టి పెరిగిన ఇల్లు. మా బాబాయి, అంటే ఆవిడ సొంత తమ్ముడు, పక్కనే కొత్త డాబా కట్టుకుని దాన్ని అమ్మకానికి పెట్టాడు.

“అది మా తమ్ముడిదేనమ్మా,” అంది అత్తయ్య.

ఆవిడ మొహం వాడిపోయింది. “అయితే రారాండి?”

“వస్తాను.”

నేనూ వెళ్లాను. బాబాయి అక్కను చూసి సంబరపడ్డాడు. కొనేమనిషితో వచ్చిందని తెలిశాక తగ్గాడు. అత్తయ్య ఇల్లంతా తిరిగి పడమటి గదిలో ఆగింది.

“ఆ బీరువా జరుపు.”

“ఎందుకక్కా ఇప్పుడు, బోల్డు బరువు.”

“ఖాళీ బీరువాకి బరువేంట్రా. అటు పట్టుకో.”

బీరువా వెనక నిలువునా నేల దాకా గోడ చీలి ఉంది. అందులో సున్నం కూరారు. అది ఇంకా పచ్చిగానే ఉంది. బాబాయి చిన్న గొంతుతో, “నువ్వు ఎవరి తరఫున వచ్చేవక్కా?” అన్నాడు.

“ఆవిడ ఈ గోడ పక్కన కాపురం ఉండాలిరా. నీకు తెలిసి కూడా చెప్పకపోతే ఎలా?” అంది అత్తయ్య. గొంతు పెంచలేదు. నేను అక్కడే ఉన్నాను.

ఆ గోడ పడగొట్టి కట్టించాకే ఇల్లు చేతులు మారింది. బాబాయి మాత్రం అక్కతో మాటలు మానేశాడు. కూతురి పెళ్లికి పిలవలేదు. బంధువులంతా ఆయన వైపే నిలబడి, “తోడబుట్టినవాడి పరువు తీసేసింది,” అన్నారు. పగిలిన గోడకు బీరువా అడ్డం పెట్టినవాడి పరువు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఆ పెళ్లిరోజు నేను కొత్తపేట వెళ్తే అత్తయ్య అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నా ముందు కంటతడి పెట్టలేదు. మొన్న పందిట్లో ‘నోరే కాస్త’ అని అందరికన్నా ముందు అన్నది ఆ బాబాయే.

ఆ ఇల్లు కొనుక్కున్నావిడ కూడా మొన్న వచ్చింది. అత్తయ్య పాదాల దగ్గర కూర్చుని ఏడ్చింది.

ఆవిడ ఆ ఇంట్లో చేరిన ఏడాది ఒక వానరోజున మమ్మల్ని భోజనానికి పిలిచింది. తిన్నాక అత్తయ్య పడమటి గదిలో చాప వేసుకుని పడుకుంది. పెంకుల మీద వాన హోరుకి ఒకరి మాట ఒకరికి వినపడడం లేదు. చూస్తుండగానే అత్తయ్య నిద్రపోయింది. ఆ ఇంటి చిన్నపిల్ల తన దుప్పటి తెచ్చి ఆవిడ కాళ్ల మీద కప్పి, వెళ్లి గుమ్మంలో కూర్చుంది. చూరు నుంచి నీళ్లు ధారగా వాకిట్లో పడుతున్నాయి. ఆ పిల్ల చెయ్యి చాపి ఆ ధారను పట్టుకుంటోంది.