ఆరు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు, మా క్వార్టర్‌లో

ఇంగ్లీషు ఎం.ఏ. ప్రైవేటుగా కడదామని నేను నిర్ణయించుకునే నాటికి గోదావరిఖనిలో హైస్కూలు టీచరుగా చేరి మూడేళ్లయింది. డెబ్బైల మొదటి సంవత్సరాలవి. మా బాపు గనిలో టింబర్ పని చేసేవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆ పని. చర్చిలో పాటల పుస్తకం చూసి పాడుకోవడానికి ఆయన పెద్దవాడయ్యాక తెలుగు చదవడం నేర్చుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు గని దగ్గర బోర్డుల మీద చూసి పట్టుకున్నాడు. అక్షరాలైతే వచ్చేవి గానీ అర్థాలు తెలిసేవి కావు. కూతురు ఎం.ఏ. చదువుతుందంటే మాత్రం, అదేదో తనకు ప్రమోషన్ వచ్చినట్టు మొదటి షిఫ్టులో అందరికీ చెప్పాడు.

సిలబస్ కాగితాలు పోస్టులో వచ్చాయి. నాటకాలు, నవలలు, విమర్శ, అన్నీ కష్టమైనవే అయినా భయపెట్టేవి కావు. ఒక్క పేపరు మాత్రం నన్ను కూర్చోబెట్టేసింది. మధ్యయుగపు ఇంగ్లీషు కవిత్వం. ఆరు వందల ఏళ్ల కిందటి ఒక పెద్ద కావ్యంలో రెండు భాగాలు చదవాలని ఉంది. ఏ ప్రచురణ చదవాలో, ఎవరు అర్థాలు రాసిన పుస్తకం కొనాలో ఒక్క ముక్క కూడా లేదు. కాలేజీలో చదివేవాళ్లకైతే లెక్చరర్ చెబుతాడు. మాకు ఎవరు చెబుతారు?

మాకు అంటున్నాను, ఎందుకంటే ఆ ఏడు నాతో పాటు అదే పరీక్షకు కట్టినవాడు ఇంకొకాయన ఉన్నాడు. గని టైమాఫీసులో హాజరు లెక్కలు రాసే గుమాస్తా. నాకంటే పదేళ్లు పెద్ద, ఇద్దరు పిల్లల తండ్రి. మా వెనక క్వార్టర్ల లైనులోనే ఉండేవాడు. నేను అన్న అని పిలిచేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. దేనికీ కంగారు పడని మనిషి. నేను సిలబస్ కాగితం పట్టుకుని వాళ్లింటికి వెళ్తే, చూసి మడిచి జేబులో పెట్టుకుని, వచ్చే వారం వరంగల్ పోతున్నాను, గైడు తెస్తానన్నాడు. అన్నట్టే తెచ్చాడు, నాకొకటి, తనకొకటి.

ఆకుపచ్చ అట్ట, పల్చటి కాగితం, చేత్తో రుద్దితే సిరా అంటేది. కానీ అందులో అన్నీ ఉన్నాయి. కవి కాలం, కావ్యం కథ, పాత్రల గుణాలు, పదిహేను ప్రశ్నలు, పదిహేను జవాబులు. రెండు నెలల్లో నేను ఆ జవాబులన్నీ కంఠస్థం చేశాను. కావ్యంలోని హాస్యం గురించి నాలుగు పేజీలు ఆపకుండా రాయగలిగేదాన్ని, దానిలో ఒక్క పంక్తి కూడా చదవకుండా. స్కూల్లో పిల్లలు గైడులో ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎర్ర సిరాతో గీతలు పెట్టేదాన్ని నేనే. ఆ ఎర్ర సిరా పెన్ను పట్టుకున్నప్పుడల్లా కొంచెం సిగ్గుగా ఉండేది.

అనుమానం ఒక చిన్న మాటతో మొదలైంది. కావ్యంలో ఒక ముసలి రైతుని కవి 'సిల్లీ' అంటాడు. గైడులో ఒక పేజీలో దానికి తెలివితక్కువ అని అర్థం రాసి ఉంది. నలభై పేజీల తర్వాత ఒక జవాబులో అదే పంక్తి ఇచ్చి, ఆ రైతు అమాయకత్వాన్ని, దైవకృపని కవి ఎంత గొప్పగా చెప్పాడో చూడండి అని ఉంది. ఒకే మనిషి, ఒకే మాట. తిట్టా, మెప్పా? అన్న దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. ఆయన రెండు పేజీలూ చదివి నవ్వాడు.

"ప్రశ్న ఎట్ల అడిగితే అట్ల రాద్దాం చెల్లె. గింత దానికి ఫికర్ ఎందుకు?"

నాకు మాత్రం ఫికరే పట్టుకుంది. ఆ ఒక్క మాట తప్పయితే తక్కినవి ఎన్ని తప్పులో అనిపించింది. దసరా సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి అసలు పుస్తకం చూస్తానని ఇంట్లో చెప్పాను. ఒక్కదాన్నే వెళ్లడానికి అవ్వ (మా అమ్మని అట్లాగే పిలుస్తాం) ఒప్పుకోలేదు. బాపు సెలవు పెట్టి నాతో బయలుదేరాడు. రామగుండంలో రైలెక్కాం. బాపు దారంతా గైడు తన ఒడిలో పెట్టుకుని, అది ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు చెయ్యి వేసి కూర్చున్నాడు.

కోఠీలో రెండు మూడు దుకాణాలు తిరిగాక ఒక చోట దొరికింది. ముసలి దుకాణదారు నేను చెప్పిన పేరు విని, నిచ్చెన ఎక్కి మూడు పుస్తకాలు దించి బల్ల మీద వరసగా పెట్టాడు. మొదటిది చాలా అందంగా ఉంది, బంగారు అక్షరాలు, నున్నటి కాగితం. లోపల కావ్యం తప్ప ఇంకేమీ లేదు. నాకు ఒక పంక్తిలో నాలుగు మాటలు కూడా అర్థం కాలేదు. రెండోది ఎడమ పేజీలో పాత ఇంగ్లీషు, కుడి పేజీలో ఇప్పటి ఇంగ్లీషు. ప్రాణం లేచి వచ్చింది. మూడోది ఎవరో చదివి అమ్మేసింది. గోధుమరంగు గుడ్డ అట్ట, మూలలు నలిగాయి. పైన కావ్యం, ప్రతి పేజీ అడుగున చీమల బారులా చిన్న అక్షరాల్లో వివరణలు, చివర యాభై అరవై పేజీల పదకోశం.

అందరూ రెండోదే తీసుకుంటారని దుకాణదారు చెప్పాడు. నేనూ దాన్నే చేతిలోకి తీసుకున్నాను. అయినా ఊరుకోలేక ఆ రైతు పంక్తి ఎక్కడుందో వెతికాను. కుడి పేజీలో తెలివితక్కువ అనే అర్థం వచ్చే మాటే ఉంది, ఇంకో మాట లేదు. గోధుమరంగు పుస్తకంలో అదే పంక్తి దగ్గరికి వెళ్లాను. బాపు పక్కన స్టూలు మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. పేజీ అడుగున వేలు పెట్టి, "గీ సన్న అక్షరాలు ఏంది బిడ్డా?" అని అడిగాడు.

నేను చదివి తెలుగులో చెప్పాను. ఆ మాటకు ఆ రోజుల్లో ధన్యుడు, అమాయకుడు, దీనుడు అని అర్థాలుండేవట. తెలివితక్కువ అనే అర్థం తర్వాత వచ్చిందట. ఇక్కడ అమాయకుడు అనే అర్థం సరిపోతుందని అనుకుంటున్నాను, కానీ ఖాయంగా చెప్పలేను అని రాశాడు ఆ పండితుడు.

బాపు గైడులో ఇట్లా ఎక్కడన్నా ఖాయంగా చెప్పలేనని ఉందా అని అడిగాడు. లేదన్నాను. రెండో పుస్తకంలో? అక్కడా లేదు.

"గనిల కొందరుంటరు," అన్నాడు బాపు. "పైకప్పు గట్టిగున్నదో లేదో సూడనీకి కర్రతోని ఒక్కసారి కొట్టి, ఏం కాదు పోండ్రి అంటరు. నేను వాళ్ల ఎనుక పోను. గీడ నాకు అనుమానం ఉన్నది, జర నిలువుండ్రి అంటడు సూడు ఒకడు, వాని ఎనుక పోత. గీ పుస్తకం రాసినాయన గసొంటోడే."

నేను గోధుమరంగు పుస్తకమే ఇమ్మన్నాను. దుకాణదారు కళ్లద్దాల మీదుగా బాపుని చూసి, నా వైపు తిరిగి, "గది తీస్కపోయినోళ్లు నెల తిరగక ముందే వాపస్ తెస్తరమ్మా. ముందే చెప్తున్న," అన్నాడు. అయినా కాగితంలో చుట్టి, దారం కట్టి ఇచ్చాడు.

ఆయన చెప్పింది దాదాపు నిజమయ్యేదే. మొదటి నెల సాయంత్రానికి పది పంక్తులు కూడా సాగలేదు. ఒక మాట కోసం చివరికి వెళ్లాలి, అక్కడ ఆ మాట ఇంకో స్పెల్లింగులో ఉండేది. వెనక్కి వచ్చేసరికి ఏ పంక్తిలో ఉన్నానో మరిచిపోయేదాన్ని. రెండో పుస్తకం కొని ఉంటే ఈపాటికి అయిపోయేది కదా అని రోజూ అనుకునేదాన్ని. బాపుతో మాత్రం అనలేదు.

పుస్తకం ముందు భాగంలో ఉచ్చారణ గురించి ఒక అధ్యాయం ఉంది. పరీక్షలో దాని మీద ప్రశ్న రాదు కాబట్టి దాటేశాను. ఒక రోజు బాపు డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, చాయ్ గ్లాసుతో నా పక్కన కూర్చున్నాడు. పుస్తకం తన వైపు తిప్పుకుని, బోర్డులు చదివినట్టు ఒక్కో అక్షరం కూడబలుక్కుని బయటికి చదవడం మొదలుపెట్టాడు. 'నైట్' అని నేను చదివే, వీరుడు అని అర్థమున్న మాటని ఆయన మొదట ఉన్న 'కె'ని వదలకుండా, మధ్యలో అక్షరాలు కూడా గొంతులోంచి లాగి, 'క్నిహ్ట్' అన్నాడు. 'నేమ్'ని 'నామె' అన్నాడు. నేను నవ్వి, టీచరు అలవాటు కొద్దీ సరిదిద్దాను. అట్లా కాదు బాపూ, ఆ అక్షరాలు రాస్తారు గానీ పలకరు అన్నాను.

"పలకనిదానికి రాసుడెందుకు బిడ్డా?" అన్నాడు, నిజంగానే తెలుసుకోవాలని.

జవాబు కోసం, నేను దాటేసిన ఆ ఉచ్చారణ అధ్యాయం తీశాను. ఆ కాలంలో రాసిన ప్రతి అక్షరాన్నీ దాదాపుగా పలికేవారని అందులో ఉంది. 'కె'ని పలికేవారు. 'నేమ్'ని 'నామ' అన్నట్టుగా పలికేవారు. మాట చివరి ఇంగ్లీషు 'ఇ' అక్షరాన్ని కూడా తేలిగ్గా పలకాలి, లేకపోతే పద్యం నడక కుంటుతుంది అని ఉంది. నేను లేచి బాపు ముందుకు వచ్చి నిలబడ్డాను. నువ్వు చదివిందే సరైంది బాపూ, నేను చదివిందే తప్పు అని చెప్పాను. ఆయన నన్ను నమ్మలేదు. అవ్వని పిలిచి ఆమె ముందు మళ్లీ చెప్పించుకున్నాడు.

ఆ రోజు నుంచి చదువు మారిపోయింది. కళ్లతో చదవడం మానేసి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. మనం ఎటూ బస్సు, కారు, బుక్కు అంటూ ప్రతి మాటకీ చివర ఒక అచ్చు తగిలించే వాళ్లమే. ఇన్నాళ్లూ స్కూల్లో ఆ అచ్చు పీకేయడానికే నా గొంతు పోయేది. ఇక్కడ అదే పద్యాన్ని నడిపించింది. గట్టిగా చదివితే అక్షరాలు ఎంత వింతగా ఉన్నా సగం మాటలు చెవికి తెలిసినవే అయ్యేవి. పది పంక్తులు ముప్పై అయ్యాయి. డిసెంబరుకి మొదటి భాగం పూర్తయింది.

అన్న కూడా ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. ముందు వినోదం చూడటానికే వచ్చాడు. తర్వాత తన వంతుకు చదివేవాడు. బాపు మంచం మీద కూర్చుని, మాకు ఎక్కడ ఒక అక్షరం జారిపోయినా ఆపేవాడు. గైడుని నేను పారేద్దామంటే అన్న ఒప్పుకోలేదు. ఆయన మాటే సరైందని ఇప్పుడూ అంటాను. కథ ఎటు పోతుందో తెలియకుండా పాత భాషలో దిగితే దారి తప్పుతాం. ముందు గైడులో కథ చదివేవాళ్లం, తర్వాత పంక్తి పంక్తికీ గోధుమరంగు పుస్తకం. గైడులో ఉన్న జవాబుల్లో తప్పులకు పెన్సిలుతో గుర్తు పెట్టేవాళ్లం. చివరికి దాదాపు ప్రతి పేజీలోనూ పెన్సిలు గీతలు తేలాయి.

పరీక్ష హనుమకొండలో. ఆ పేపరు ప్రశ్నపత్రంలో సందర్భసహిత వ్యాఖ్యలకు ఆరు పద్యభాగాలు ఇచ్చారు, నాలుగు రాయాలి. ముసలి రైతు వాటిలో లేడు. ఆ ఒక్క మాట కోసం హైదరాబాద్ దాకా పోయి వచ్చామే అని నవ్వొచ్చింది. కానీ ఇచ్చిన ఆరింటినీ మనసులో చదువుకుంటుంటే మా ఇంట్లో వినబడ్డట్టే వినబడ్డాయి. ఏది ఎక్కడిదో వెతుక్కోవాల్సిన పనే లేకపోయింది. ఒక దగ్గర నాకు అర్థం సరిగ్గా తెలియలేదు. రెండు అర్థాలుండొచ్చు, నాకు మొదటిది నయమనిపిస్తుంది, కారణం ఇది అని రాశాను. గైడు మీద ఆధారపడ్డ రోజుల్లో అట్లా రాసే ధైర్యం ఉండేది కాదు.

నేను పాసయ్యాను. ఆ పేపరులో మార్కులు బాగానే వచ్చాయి, గొప్పగా ఏమీ కాదు. అన్న ఆ పేపరు పాసై నాటకాల పేపరు పోగొట్టుకున్నాడు. మరుసటేడు అదీ అయింది. ఆయన టైమాఫీసులోనే ఉండిపోయాడు, కానీ కాలనీలో అందరూ ఎం.ఏ. సారు అనేవారు. నాకు మంచిర్యాలలో జూనియర్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది.

ఆ తర్వాత ప్రైవేటుగా కట్టేవాళ్లు ఏ పుస్తకం కొనాలో అడగడానికి నా దగ్గరికి వచ్చేవారు. మందమర్రి నుంచి ఒకమ్మాయి వచ్చింది, ఆమె తండ్రి కూడా గనిలోనే. నేను అన్నీ వివరంగా చెప్పి, వివరణలున్న పుస్తకం కొనమన్నాను. ఆమె శ్రద్ధగా విన్నది. వెళ్లి, ఎడమ పేజీ పాత ఇంగ్లీషు, కుడి పేజీ కొత్త ఇంగ్లీషు ఉన్న పుస్తకం కొనుక్కుంది. కుడి పేజీని ఒక అట్టముక్కతో మూసి, ఎడమ పేజీ చదివి, తర్వాత తీసి సరిచూసుకునేదట. నాకది తట్టనే లేదు. ఆమెకు నాకంటే పదకొండు మార్కులు ఎక్కువ వచ్చాయి. మిఠాయి పట్టుకుని ఇంటికి వస్తే, బాపు ఆమెని కూర్చోబెట్టి ఒక పేజీ చదివించుకున్నాడు, అక్షరం జారిన రెండు చోట్ల ఆపి మళ్లీ చదివించాడు, మూడోసారి ఆపాల్సిన పని రాలేదు.