మేస్త్రి అడగమన్న మాట

పుంగనూరు మేస్త్రి పోయాడని మంగళవారం పొద్దున ఆయన భార్య ఫోను చేసి చెప్పింది. అప్పుడు నేను మదనపల్లెలో మా ఇంటి ముందు కారు తుడుస్తున్నాను. గుడ్డ బానెట్ మీదే వదిలేసి అలాగే నిలబడిపోయాను. తొమ్మిదేళ్లుగా నేను కాక ఆ బానెట్ ఎత్తింది ఆయనొక్కడే. పెద్ద పెద్దవాళ్లు పోతే పేపర్లో రాసేవాళ్లు చాలామంది ఉంటారు, కార్ల షెడ్డు మేస్త్రి గురించి ఎవరు రాస్తారు? అందుకని నేనే రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు.

నేను నర్సుగా చేసి రిటైరైనదాన్ని. నాకూ కార్లకూ ఏం సంబంధమని అడుగుతారేమో. ఆ కారు మా నాయనది. ఆయన ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాడు. ఒక దొర డాక్టరు తన దేశానికి వెళ్లిపోతూ తన చిన్న కారును ఆయన చేతిలో పెట్టి పోయాడు. రెండు క్యామ్‌షాఫ్టుల ఇంజన్, అప్పట్లో మా ఊళ్లో అలాంటిది ఇంకోటి లేదు. ఆదివారం మమ్మల్ని చర్చికి తీసుకుపోతున్నప్పుడు స్టీరింగ్ ముందు ఆయన వీపు ఎంత నిటారుగా ఉండేదో నాకు ఇప్పటికీ గుర్తే.

నేను నర్సింగ్ చదువుతున్న రోజుల్లో ఆ కారును ఇంజన్ పనికని కుప్పంలో ఒక షెడ్డుకు ఇచ్చాడు. నెల తర్వాత తెచ్చుకున్నాడు. వాకిట్లో దిగుతూనే, "ఇది నా ఇంజన్ కాదు" అన్నాడు. బండి ఆగినప్పుడల్లా కాలిన ఆయిల్ వాసన లోపలికి వస్తోందన్నాడు. ఇంజన్ అడుగున చేరే పొగ ఇంతకుముందు ఒక రబ్బరు గొట్టం గుండా పైకి, ఎయిర్ ఫిల్టర్లోకి పోయేదట. అక్కణ్ణుంచి మళ్లీ ఇంజన్లోకే పోయి కాలిపోయేదట. ఇప్పుడు ఒక ఇనప గొట్టంలోంచి నేరుగా రోడ్డు మీదికి పోతోందట.

బస్సెక్కి మూడుసార్లు కుప్పం పోయి అడిగాడు. రబ్బరు గొట్టం పగిలిపోతే మార్చామన్నారు. ఇంజన్ మీద నంబరు చూపించారు, ఆర్సీ పుస్తకంలో ఉన్న నంబరూ అదే. పోలీసులు నవ్వి పంపేశారు. "ఊరంతా నవ్వతా ఉండారు, ఇంగ ఊరకుండు" అంది మా అమ్మ. నేను అంతకు మించిన ఘనకార్యం చేశాను. "నీకు చాదస్తం నాయనా, ఇంజన్‌ను వాసన పట్టి కనుక్కుంటారా యాడన్నా?" అని పకపకా నవ్వాను. ఆయన మాత్రం ఆ మాట విడిచిపెట్టలేదు. మంచాన పడ్డాక కూడా నన్ను పిలిచి "అది నాది కాదు మా" అనేవాడు. పిచ్చివాళ్ల మాటకు తలూపినట్టు మేమంతా తలూపేవాళ్లం.

ఆయన పోయాక మూడేళ్లు ఆ కారు రేకుల కింద ఊరికే పడి ఉంది. తర్వాత నేనే తీసి నడపడం మొదలుపెట్టాను. ఒకటే ఆయిల్ కారడం. ఇక్కడి మెకానిక్కులు సీలు రెండుసార్లు మార్చారు, ఆగలేదు. పుంగనూరులో ఒక మేస్త్రి ఉన్నాడు, పాత బండ్లంటే ఆయనకు ప్రాణం అని ఎవరో చెబితే తీసుకుపోయాను.

కళ్లజోడుకు దారం కట్టి మెళ్లో వేసుకునేవాడు. ఆయన బనీను ఒకప్పుడు తెల్లదట, నేను మాత్రం ఆ రంగులో ఎన్నడూ చూడలేదు. ఇంజన్ స్టార్టు చేయించి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రానికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఏ బండి వచ్చినా ముందు అదే పని. మేం నాడి చూస్తాం చూడండి, అలా. తర్వాత అరచేతిలో పడిన ఆయిల్ చుక్కల్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"దీనికి ఊపిరాడలేదు మా. యాడో మూసకపోయుండాది" అన్నాడు.

ఇనప గొట్టం విప్పితే లోపల కందిరీగ మట్టితో కట్టుకున్న గూడు. "పోయే దావ లేకపోతే లోపలి గాలి ఏం సేస్తాది? ఆయిల్‌ను సీలు సందులోంచి బయటికి తోస్తాది. వాళ్లేమో సీళ్లు మారస్తా ఉండారు, పాపం" అని నవ్వాడు. నేను నర్సునని వచ్చీరాగానే చెప్పి ఉన్నాను. "మీ నర్సమ్మలకు సూది ఎయ్యాలని ఒకటే తొందర. బండికి ఆ తొందర పనికిరాదు."

నాకూ నవ్వొచ్చింది. చేతులు కడుక్కుంటూ, "ఎవురిది మా ఈ బండి?" అని అడిగాడు.

"మా నాయనది. మదనపల్లె ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేవాడు."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. "ఉండాడా?"

"లేడప్పా. మూడేళ్లయింది."

ఆయన గుడ్డను కిరసనాయిల్లో ముంచి ఇంజన్ పక్క భాగాన్ని రుద్దడం మొదలుపెట్టాడు. మడ్డి వదిలేకొద్దీ ఇనుములోంచి పైకి పొడుచుకొచ్చిన అక్షరాలు కనబడ్డాయి. "ఇయ్యి ఇంజన్ బ్లాకు పోతపోసినప్పుడు వచ్చినయి మా, ఎవురూ మార్చలేరు. ఈ అచ్చరాలుండే బ్లాకు పాత రకం. దీని ఊపిరి గొట్టం రోడ్డు మీదికే పోతాది. మీ నంబరేమో తర్వాత వచ్చిన రకానిది, దాని ఊపిరి పైకి పోతాది. ఈ నంబరు ఈ బ్లాకు మీద ఉండకూడదు."

నా వేలు పట్టి నంబరు మీద పెట్టించాడు. చుట్టూ ఇనుము గరుగ్గా ఉంది, నంబరు దగ్గర మాత్రం నున్నగా ఉంది. "ఆకురాయితో పాత నంబరు అరగదీసి దీన్ని గుద్దినారు. మీ నాయన సెప్పింది నిజం మా" అన్నాడు.

మా నాయన ఏం చెప్పేవాడో నేను ఆయనకు చెప్పనే లేదు. ఆ సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు. అక్కడే స్టూలు మీద కూలబడి భోరున ఏడ్చాను. ఆయన భార్య లోపలినుంచి నీళ్లు తెచ్చిచ్చింది. మధ్యాహ్నం దాకా పోనివ్వకుండా కూర్చోబెట్టి సంగటీ, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండీ పెట్టింది. తింటూ, "ఎవురు చేసుంటారు మేస్త్రీ ఈ పని?" అని అడిగాను. ఆయన తన గిన్నెలోకి చూస్తూ, "ఇంగో తూరి వచ్చినప్పుడు ఇంజన్ దించుదాం మా. అప్పుడడుగు" అన్నాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా సమాధుల తోటకు పోయి, నువ్వు చెప్పిందే నిజం నాయనా అని చెప్పుకున్నాను. పుంగనూరు మేస్త్రిని చల్లగా చూడమని దేవుణ్ణి ప్రార్థించాను కూడా.

నెల తర్వాత బండిని ఆయన దగ్గర వదిలొచ్చాను. వారానికి మళ్లీ పోయేసరికి ఇంజన్ దించి విప్పి ఉంది. క్రాంక్‌షాఫ్టును పట్టి ఉంచే ఐదు ఇనప మూతలు పాత పేపరు మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఏది ఎక్కడిదో తారుమారు కాకుండా ఆయన ప్రతి మూత మీదా ఉక్కు పంచ్‌తో అంకె గుద్దేవాడు. ఒకటి నుంచి ఐదు దాకా అన్నీ నా వైపే తిరిగి ఉన్నాయి. మూడు అంకెకు కింది తోక లేదు. పంచ్ అక్కడ విరిగి ఉంటుంది. అలాంటి మూడును ఎక్కడో చూశాననిపించి, పక్కనే ఉన్న బ్లాకు దగ్గరికి పోయాను. మా ఇంజన్ నంబరులో రెండు చోట్ల మూడు ఉంది. రెండింటికీ తోక లేదు.

తలెత్తి చూశాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చేతులు ఎప్పుడో శుభ్రమయ్యాయి, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"ఇప్పుడడుగు మా" అన్నాడు.

అప్పుడు కుప్పం షెడ్డులో పనిచేసింది ఈయనేనన్నమాట. మా నాయన మూడుసార్లు బస్సు దిగి ఆ షెడ్డు ముందు నిలబడి బతిమాలుకుంటుంటే ఈయన లోపలినుంచి చూస్తూ ఉన్నాడన్నమాట. నాకు ఒళ్లు మండిపోయింది. అరిచి ఉంటే బాగుండేది. చెంప పగలగొట్టినా ఆయన కిమ్మనేవాడు కాదు. నేను అంతకంటే పాడు పని చేశాను.

"అడిగేదేం లేదు మేస్త్రీ. బండి ఎప్పటికిస్తావు?" అన్నాను.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు, రెండు నెలలకోసారి పుంగనూరు పోయాను. ఆయన ఆ ఇంజన్‌ను పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాడు. చల్లటి ఇంజన్‌ను గట్టిగా రేజ్ చేస్తే ఎవరినైనా తిట్టేవాడు, నన్ను కూడా. ఏ అక్షరం ఏ రకం బ్లాకుదో నాకు ఓపిగ్గా నేర్పాడు. పని అయ్యాక, నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాక, కిటికీ దగ్గరికి వంగి ప్రతిసారీ అడిగేవాడు: "ఇంకేమన్నా అడగాలనుండాదా మా?" నేను ముందుకు చూస్తూ "ఏం లేదు" అనేదాన్ని. నిజం చెబుతున్నాను, నేను ఆయిల్ మార్పించుకోవడానికి పోలేదు. ఆ "ఏం లేదు" అనడానికే పోయాను.

ఒకసారి అరవం మాట్లాడే ఇద్దరు మనుషులు నంబరు లేని బ్లాకు ఒకటి తెచ్చి, నంబరు గుద్దిపెట్టమన్నారు. ఆయన అంతగా కేకలేయడం నేను అదొక్కసారే విన్నాను. "ఈ సేత్తో ఒక తూరి గుద్దింది సాలప్పా, తీసకపోండి!" అన్నాడు. నాకు వినబడాలనే అన్నాడు. నేను పేపరు తిరగేస్తూ కూర్చున్నాను.

ఎందుకంత కసి? ఇప్పుడు తెలుస్తోంది. ఆయన నంబరు గుద్దాడు, నేను నవ్వాను. మా నాయనను పిచ్చివాణ్ణి చేసింది మేమిద్దరం కలిసే. ఆయన తన తప్పు చెప్పేసుకుంటే ఇక మిగిలేది నా తప్పే. దాన్ని ఎవరి ముందు చెప్పుకోవాలి? అందుకే ఆయన్ని చెప్పనివ్వలేదు.

పోయిన నెల వెళ్లేసరికి ఆయన షెడ్డులోనే మంచం మీద ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. దిండు ఎత్తు పెట్టి, మందులు సరిచూసి లేవబోతుంటే నా మణికట్టు పట్టుకున్నాడు. "ఇంకేమన్నా..." అని మొదలుపెట్టాడు, దగ్గు ముంచుకొచ్చింది. "మాట్లాడొద్దప్పా, ఆయాసం వస్తాది" అన్నాను. వార్డులో రోగులను కసిరే గొంతుతోనే అన్నాను. ఆయన బుద్ధిగా నోరు మూసుకున్నాడు. కళ్లు మాత్రం నామీదే ఉన్నాయి.

ఫోను వచ్చినప్పటినుంచి నా బతుకు నాది కాదు. టమోటా లారీలు అడ్డమొచ్చి బండి ఆగితే చాలు, ఆ కాలిన ఆయిల్ వాసన లోపలికి వస్తుంది. పక్క సీట్లో మా నాయన "ఇది నాది కాదు" అంటాడు. కిటికీ దగ్గర వంగి ఈయన అడుగుతాడు. వెనక లారీవాడు హారన్ కొట్టేదాకా నాకు కాలు కదలదు.

మూడో రోజు పోయాను. షెడ్డులో ఆయన ఫొటోకు దండ వేసి దీపం పెట్టారు. ఆయన భార్య నన్ను చూసి గడపలోనే కూర్చుండిపోయింది.

"నీ బండి మలుపు తిరగతానే శబ్దం పట్టేటోడమ్మా. 'వస్తాండాది, ఈ పొద్దు అడగతాది సూడు' అనేటోడు. నువ్వు పోయినాక ఆ పూట సంగటి ముట్టేటోడు కాదు. ఏందని నేను అడిగితే సెప్పలేదు" అంది. నా చెయ్యి పట్టుకుంది. "ఏందమ్మా నువ్వు అడగాల్సింది?"

"ఏం లేదమ్మా" అన్నాను. తొమ్మిదేళ్ల అలవాటు, నోట్లోంచి అదే వచ్చింది.

బయటికొచ్చి కారు స్టార్టు చేశాను గానీ పోలేకపోయాను. దిగి బానెట్ ఎత్తాను. ఆయిల్ మూత తీసి, ఆయన పెట్టినట్టే అరచెయ్యి అడ్డం పెట్టాను. వెచ్చటి గాలి ఆగి ఆగి తగిలింది.

"మా నాయన ఇంజన్‌ను యాడికి పంపిస్తివి మేస్త్రీ?" అని అడిగాను. పైకే అడిగాను. టీ అంగడి దగ్గరున్నవాళ్లు తిరిగి చూశారు. ఆ గాలి అలాగే ఆగి ఆగి తగులుతూ ఉంది. అరచేతిలో ఒక్కో ఆయిల్ చుక్కా పడుతూ ఉంది. చెయ్యి కాలుతున్నా తియ్యలేకపోయాను.