మా ఇంట్లో గొలుసు పాయిఖానా

ఇప్పటి పిల్లలకు చెబితే ముక్కు మూసుకుంటారు గానీ, నా కాపురంలో నేను అన్నిటికంటే ఎక్కువగా ప్రేమించిన వస్తువు ఒక పాయిఖానా. పట్టుచీర కాదు, మెడలో పుస్తెల గుండ్లు కాదు. గొలుసు లాగితే పైనుంచి నీళ్లు దూకే పాయిఖానా. నవ్వితే నవ్వండి. మీకేం తెలుసు!

మొఘల్‌పురాలో మా అత్తగారిది పాల ఇల్లు. పెద్ద వాకిలి, వాకిట్లో ఏడు బర్రెలు, ఆ చివర, రోజూ మనిషి వచ్చి ఎత్తిపోసే పాత పాయిఖానా. చీకటి ఉండగానే మామ పాలు పిండడం మొదలుపెట్టేవాడు. అప్పటినుంచి ఎనిమిది దాటేదాకా మగవాళ్లు పాలకోసం చెంబులు పట్టుకుని వాకిట్లోనే నిలబడేవాళ్లు. చాయ్ హోటళ్ల వాళ్లు, హకీం దుకాణం పనివాడు, పక్క గల్లీ మౌల్వీ సాబ్. అందరూ మంచివాళ్లే, తలెత్తి చూసేవాళ్లు కాదు. అయినా అంతమంది మధ్యలోంచి కోడలు పిల్ల చెంబు పట్టుకుని ఎట్లా నడుస్తుంది? కోడి కూయకముందే వెళ్లి రావాలి, లేదంటే ఎనిమిది దాకా కడుపు బిగపట్టుకోవాలి. కోడి కంటే ముందు లేవడం నా వల్ల అయ్యేది కాదు. పదహారేళ్ల వయసు నిద్ర అది. పెదవి కొరుక్కుంటూ, పాలు కొనేవాళ్లందరినీ లోలోపల తిట్టుకుంటూ రొట్టెలు కాల్చేదాన్ని.

నా పెనిమిటి కార్ఖానాలో ఫిట్టర్. నా అవస్థ ఆయనకు తెలుసు. నేను కాపురానికి వచ్చిన నాలుగో ఏడు మా గల్లీలోకి కొత్తగా మురుగు పోయే మోరీ పైపు వేశారు. యుద్ధం రోజులు, కొత్త సామాను దొరికేది కాదు. ఎవరో నవాబుల పెద్ద దేవిడీ కూలగొడితే ఆ సామాను అఫ్జల్‌గంజ్‌లో పాత ఇనుము దుకాణానికి వచ్చింది. అందులోంచి తెల్ల పింగాణీ బేసిన్, ఇనుప టాంకీ, గొలుసు ఏరి తెచ్చి, వంటింటి వెనక తవుడు బస్తాలు పెట్టే అర్రలో బిగించాడు. మొదటిసారి గొలుసు లాగితే ఆ చప్పుడుకు బర్రెలు బెదిరాయి. నేను తలుపు వేసుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఎక్కడన్నా పిడకల పొగ వాసన వస్తే మాత్రం ఆ అర్ర, ఆ వంటిల్లు, పొయ్యి ముందు మా అత్త, అన్నీ కళ్లముందుకు వచ్చి ప్రాణం ఉసూరుమంటుంది.

మామకు ఆ గొలుసు వ్యవహారం మొదటినుంచీ నచ్చలేదు. "వంట గోడకు ఆనుకొని గదేంది? నా తవుడు వానకు తడుస్తున్నది" అని రోజూ లొల్లి.

మూడు నెలలు బాగా నడిచి, తర్వాత మొరాయించింది. గొలుసు లాగితే నీళ్లు వచ్చేవి, గిర్రున తిరిగేవి, అంచుదాకా లేచి అక్కడే నిలబడేవి. రెండు బకెట్లు పోస్తే గానీ దిగేవి కావు. తర్వాత నాలుగు పోసినా దిగలేదు. నల్లా వచ్చేదే పొద్దున ఒక గంట. ఒకనాడు మామ అన్నం ముందు కూర్చుని, నాకు వినబడేటట్టుగా అత్తతో అన్నాడు: "నీ కోడలు దాంట్ల ఏమేస్తున్నదో ఏమో. శుక్రారం దాకా చూస్త. బాగు గాకపోతే పీకి పారేసి నా బస్తాలు నేను పెట్టుకుంట."

నేను అందులో వెంట్రుక ముక్క కూడా వేయలేదు. ఊరికే అన్నారా, అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని!

శుక్రవారం పొద్దున నా పెనిమిటి నల్లా మిస్త్రీని పిలుచుకొచ్చాడు. తెల్ల గడ్డం ముసలాయన. జుమ్మా నమాజు లోపల పని ముగించాలని వస్తూనే టాంకీ విప్పాడు. అరిగిన తోలు వాషర్ మార్చి గొలుసు లాగాడు. నీళ్లు మళ్లీ అంచుదాకా లేచాయి. "టాంకీకి ఏం బీమారీ లేదు భాయ్. బీమారీ కింద ఉన్నది" అని, పొడుగాటి బెత్తం లోపలికి తోశాడు. పైపు వంపు దగ్గర అది టక్కున ఆగింది. చేతికి గోనెపట్ట చుట్టుకుని, ఇనుప కొక్కెంతో గీకి గీకి ఒక పెచ్చు బయటికి తీశాడు. రాయిలాగా గట్టిగా ఉంది.

"యే తో రాఖ్ హై! పిడకల బూడిద. తడిసి తడిసి గచ్చు లెక్క గట్టిపడ్డది. ఎవరేసిన్రమ్మా?"

అత్త గిన్నెలు తోముతున్నది. తలెత్తకుండానే, "నేనే. పోయినప్పుడల్లా పిడికెడు చల్లిన" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎందుకత్తమ్మా? నా కొంప ముంచినవ్ గద! నా మీద కక్షనా నీకు?" అని అరిచాను. మామ వాకిట్లోనే ఉన్నాడన్న భయం కూడా లేకపోయింది.

"కక్షేంది బిడ్డా! పాత దాంట్ల రోజూ చల్లేదాన్ని. పొద్దుగాల ఎత్తేటామె వస్తుండె గద. ఆమె గూడ మనిషే గద. ఆమె కండ్ల పడకుంట కప్పి పెట్టాలె. గీ పైపు అవతల గూడ ఎవరో ఒకామె ఉంటదనుకున్న."

మిస్త్రీ చేయి ఆగిపోయింది. "అవతల ఎవరుండరమ్మా. ఒట్టి నీళ్లే" అన్నాడు మెల్లగా.

నాకు సిగ్గేసింది. పాత పాయిఖానా వెనక తలుపు దగ్గరికి రోజూ వచ్చిన ఆ మనిషి ఏం చూస్తుందో నేను ఒక్కనాడూ తలచుకోలేదు.

ఇంతలో మామ లోపలికి వచ్చాడు. "అయితే గిది మనింటి బూడిదేనా? మంచిగైంది. గిసొంటివి మనసొంటోళ్లకు అచ్చిరావు. పీకెయ్ ఉస్తాద్."

నా పెనిమిటి తల దించుకున్నాడు. తండ్రి ముందు ఆయనకు నోరు లేవదు. నేను తలుపు చాటున నిలబడి ఏడుస్తున్నాను.

"పీకొద్దు" అంది అత్త.

ఆమె మామకు ఎదురు చెప్పగా నేను ఎప్పుడూ వినలేదు. బూడిద చేతులతోనే లేచి నిలబడింది.

"గా పిల్ల పొద్దుగాల కడుపు బిగపట్టుకొని రొట్టెలు చేస్తుండె. చూస్తనే ఉన్న. నేను గూడ గట్లనే చేసిన, ముప్పై ఏండ్లు. నువ్వు పాలు కొలిచేది అయ్యేదాక. పిల్లలు కడుపుల ఉన్నప్పుడు గూడ. ఒక్కనాడన్న అడిగినవా?"

"నువ్వెన్నడు చెప్పకపోతివి" అన్నాడు మామ.

"గిది గూడ చెప్పాల్నా?"

మామ వెనక్కి తిరిగి వాకిట్లోకి వెళ్లిపోయాడు. మిస్త్రీ ఒక్కో పెచ్చూ తీసి, చివరికి గొలుసు లాగాడు. నీళ్లు గుటుక్కున దిగిపోయాయి.

మరునాడు పొద్దున మామ పాల బిందెలు రెండు చేతులా ఎత్తుకుని గడప దాటాడు. గల్లీ వైపు అరుగు మీద పెట్టుకుని అక్కడే కొలిచాడు. చెంబుల వాళ్లు కూడా అక్కడే నిలబడ్డారు. వాకిట్లో బర్రెలు తప్ప ఎవరూ లేరు. అత్త వాకిలి మధ్యకు వచ్చి, గడప వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది.

"గింతేనా? బిందెలు జరిగింది పది అడుగులేనాయె" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.