మాంసం మానడం తేలిక

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలైతే కల్లూరు మేకలన్నీ హాయిగా ఊపిరి పీల్చుకుంటాయనీ, మా వీధి మటన్ కొట్టతను మాత్రం నా ఫొటోకు దండ వేయాలా వద్దా అని ఆలోచనలో పడతాడనీ నేను చెప్పుకునేవాణ్ణి. భస్మ బుధవారం నాడు మాంసం మానేస్తే మళ్ళీ ఈస్టరుకే. కాకపోతే ఆ ఖాళీలోకి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వచ్చి కూర్చునేవి. సాయంత్రాలు గృహ ప్రార్థనలు, రోజుకో ఇంట్లో. ప్రార్థన అయ్యాక ప్రతి ఇల్లూ పళ్ళెం నింపి పెడుతుంది. ఉపవాసం ముగిసేసరికి నా చొక్కా గుండీలు ఎగిరి ఎదుటివాళ్ళ కళ్ళు పోగొట్టే స్థితికి వచ్చేవి.

ఈ ఏడు భస్మ బుధవారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు, "మీకు మానడం కష్టమైనదేదో అది మానండి" అన్నారు. ఇంటికొచ్చి మా ఆవిడతో గొప్పగా ప్రకటించాను.

"ఈసారి బజ్జీలు కూడా మానేస్తాండా."

"నీకు కష్టమైంది బజ్జీ కాదు, నీ నోరు. ముందు మీ అన్న సంగతి చూడు" అందామె.

మా అన్న నాలుగు వీధుల అవతలే ఉంటాడు. అమ్మను చివరిదాకా చూసుకున్నది ఆయనే. సమాధికి కడప బండ మీద అక్షరాలు చెక్కించిందీ ఆయనే. కింద కొడుకుల పేర్లలో తన పేరు నా పేరు కన్నా కొంచెం పెద్దగా పడింది. చెక్కినవాడి పొరపాటు. నేను ఊరుకుంటానా? మూడేళ్ళ కిందట గృహ ప్రార్థనల్లో టీ గ్లాసు చేతికి రాగానే మొదలుపెట్టాను. అన్న పేరు గండికోట మీది నుంచి కూడా కనబడుతుందన్నాను. నా పేరు చదవాలంటే చీమకైనా కళ్ళద్దాలు కావాలన్నాను. మూడో ఇంటికి చేరేసరికి, చోటు చాలక అమ్మ పేరు బండ వెనక చెక్కించాడని కూడా అనేశాను. అది పచ్చి అబద్ధం. అందరూ పగలబడి నవ్వారు. ఆ మాట అన్న చెవిన పడింది.

అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. ఈస్టరు వేకువన అందరం కొవ్వొత్తులతో సమాధుల తోటకు వెళ్తాం. నేను వెళ్ళేసరికి అన్న వచ్చి వెళ్ళిపోయి ఉంటాడు. మైనం ఇంకా వెచ్చగా ఉంటుంది. ఈ ఈస్టరుకు అమ్మ దగ్గర ఇద్దరం కలిసి నిలబడాలని గట్టిగా అనుకున్నాను.

నాలుగు వీధులకే నల్లమల దాటినంత సేపు పట్టింది. అన్న అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు.

"ఏమప్పా, దారి తప్పినావా?"

"నీకాడికే అన్నా. అమ్మ పేరు గురించి అబద్ధం చెప్పినా. తప్పయింది."

"అది అబద్ధమని నాకు తెలీదా? ఎవరికి చెప్పినావో వాళ్ళకు చెప్పు పో."

"వాళ్ళు శానామంది ఉండారు."

"నవ్వించేటప్పుడు ఎంతమందని ఎంచినావా?"

తలెత్తకుండా గింజ తీశాడు. నేను వెనక్కి వచ్చేశాను.

ఆ సాయంత్రమే గృహ ప్రార్థనలో అయ్యగారిని రెండు నిమిషాలు అడిగి నిలబడ్డాను. "అమ్మ పేరు బండ ముందే ఉంది, అందరి పేర్ల కన్నా పెద్దగా. నేను చెప్పింది అబద్ధం" అన్నాను. అందరూ ఇదీ జోకే అనుకుని నవ్వారు.

ఒక ముసలవ్వ మాత్రం, "అయితే అంత కత లేదా?" అంది.

"లేదవ్వా."

"అట్లయితే ఇంగ నవ్వేదానికేముండాది?"

"ఏమీ లేదవ్వా."

అంత చప్పటి మాట నా జన్మలో అనలేదు. మర్నాడు మరో ఇంట్లో అన్నాను. ఆ మర్నాడూ అన్నాను. మూడో వారానికి నవ్వులు ఆగాయి.

ఇప్పుడు కొందరు ఈ నలభై రోజులూ ఫోను మానేశామంటారు, సీరియళ్ళు మానేశామంటారు. మంచిదే. నేను మాత్రం ఇన్నేళ్ళూ చేసింది పథ్యమే. నేను నొప్పించినవాడి గుమ్మం దాకా నడిచాకే అది ఉపవాసమైంది.

ఒకరోజు మాట ముగించి తల తిప్పితే, వాకిట్లో చెప్పులు విప్పకుండా అన్న నిలబడి ఉన్నాడు. ప్రార్థనయ్యాక బయట పలకరించాడు.

"ఇంగెన్ని ఇండ్లు ఉండాయి?"

"తొమ్మిది."

"అన్నీ ముగించు. పండగనాడు తోట గేటు కాడ ఉంటా. లేటు చేస్తే మాత్రం నిలబడను."

"చెయ్యనన్నా."

మర్నాడు ఆ తొమ్మిదిలో మొదటి ఇంటికి, చాపలు పరచకముందే వెళ్ళి కూర్చున్నాను.